గ్లైడర్ పెట్టెలో గోరువంకలు

మెల్‌బోర్న్ శివారులో మా పెరటి యూకలిప్టస్ ఇంకా లేతది. తొర్ర పడాలంటే 100 ఏళ్లు దాటాలి. తొర్రల్లో గూడు కట్టుకుని, చెట్టు నుంచి చెట్టుకు గాలిలో తేలుతూ దూకే, పొట్టసంచిలో పిల్లలను మోసే చిన్న జంతువులు షుగర్ గ్లైడర్లు. వాటి కోసం ప్లైవుడ్ పెట్టె చేసి కట్టాను. వారం తిరగకుండానే గోరువంకల జంట కాపురం పెట్టింది! మన వైపు పక్షులే, పురుగులను తింటాయని 1860లలో ఇక్కడికి తెచ్చారు. అయినా ముచ్చట పడలేకపోయాను.

పెట్టె దించి ముందు కన్నం మూశాను. వెనక పలకకు, మాను వైపు, 45 మిల్లీమీటర్ల కన్నం తొలిచాను. మానుకూ పెట్టెకూ మధ్య సందు ఉండేలా రెండు చెక్కముక్కలు బిగించాను. గ్లైడర్ బెరడు పట్టుకుని పాకుతూ దూరిపోతుంది. గోరువంకకు నేరుగా ఎగిరి వచ్చి వాలే చోటు లేదు. పడమటి ఎండ తగలకుండా పెట్టెను కూడా తిప్పాను.

మూడు నెలలకు లోపల గిన్నెలా పేర్చిన పచ్చి ఆకులు కనిపించాయి: గ్లైడర్ల గూడు!