దొడ్లో నాటు కోళ్లు, పక్కనే పాత ట్రాలీ: రెండూ సవ్యంగా ఉండాలంటే

ఓ యాభై అరవై నాటు కోళ్లు, వాటిని సంతకు తోలడానికి ఓ పాత టాటా ఏస్ ట్రాలీ. పల్లెల్లో ఇలా నడుపుకొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. కోడికి జబ్బు చేస్తే పశువుల డాక్టరు, బండి మొరాయిస్తే మెకానిక్. ఇద్దరికీ డబ్బులు పోస్తూనే ఉంటాం గానీ, సగం తిప్పలు ఈ రెండూ ఒకే దొడ్లో పక్కపక్కన ఉండడం వల్ల వస్తున్నాయని మాత్రం పట్టించుకోం.

ముందు ఎలుకల సంగతి చూడండి. దాణా కోసం వస్తాయి, కడుపు నిండాక వెచ్చగా ఉండే చోటు వెతుక్కుంటాయి. ఏస్‌లో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది కదా, సాయంత్రం తిరిగొచ్చిన బండి చాలాసేపు వెచ్చగానే ఉంటుంది, ఇక ఆ రాత్రికి మకాం అక్కడే. పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ పలకదు. సీటు ఎత్తి చూస్తే కొరికిన వైరు ముక్కలు, ఈకలు, నాలుగు మొక్కజొన్న గింజలు. వైరు అతికించి ఊరుకుంటే వారం తిరక్కుండా మళ్లీ అదే పని. దాణా గోనె సంచుల్లో కాకుండా మూత బిగిసే ఇనప డ్రమ్ములో పోయండి. దాణా తొట్టిని కోడి వీపు ఎత్తుకు వేలాడదీస్తే కింద ఒలకడం బాగా తగ్గుతుంది, అయినా ఒలికింది చీకటి పడకముందే ఊడ్చేయాలి. బండిని షెడ్డుకు ఎంత ఎడంగా పెడితే అంత మంచిది. ఎలుకల మందు మాత్రం వద్దు, మందు తిని చచ్చిన ఎలుకను కోళ్లు పొడుస్తాయి, ఒక్కోసారి మందునే తినేస్తాయి. బోను పెట్టుకోండి. ఇంకో మాట, ఫ్యూజు పోతే దాని చోట రాగి తీగ చుట్టే అలవాటుంటే మానేయండి, ఎలుక కొరికిన వైర్లు ఒకదానికొకటి తగిలితే బండి అంటుకునేది ఇలాగే.

కోళ్లకు రాత్రి ఎత్తుగా కూర్చోవాలని ఉంటుంది, షెడ్డులో దండెం లేకపోతే బండి బాడీ అంచే దండెం. రెట్టలో ఉండే అమ్మోనియా, తేమ కలిసి రంగును తినేసి రేకును తుప్పు పట్టిస్తాయి, ముఖ్యంగా కింద రేకుల అతుకుల దగ్గర. షెడ్డు లోపల రెండంగుళాల వెడల్పు కర్రలు కట్టి, పొద్దు వాలేసరికి తలుపేసేయండి. సంతకెళ్లొచ్చిన రోజే బాడీ కడిగి ఆరబెట్టాలి, తడి గోనెలు అందులోనే వదిలేస్తే రెట్ట కంటే అవే ఎక్కువ పాడు చేస్తాయి. తుప్పు కనబడిన చోట వైరు బ్రష్‌తో గీకి, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ పూత కొట్టి, పైన పెయింట్. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి కాబట్టి ఈ పని ఎఫ్‌సీకి నెల ముందు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

బండి కింద పడే చుక్కలనూ తేలిగ్గా తీసుకోవద్దు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ కోళ్లకు విషం, మడుగు కట్టిన చోట నీళ్లనుకుని తాగేస్తాయి. కారిందంటే వెంటనే మట్టి పోసి ఎత్తేయండి, హోస్ పైపు క్లిప్పు బిగించండి. బండి తీసేముందు కిందికి ఒకసారి వంగి చూడడం, హారన్ కొట్టడం అలవాటు చేసుకోండి, ఎండాకాలం పిల్లల కోడి పిల్లలన్నిటితో సహా ఆ నీడలోనే ఉంటుంది.

ఇప్పుడు ఎదురు సంగతి, బండి వల్ల కోళ్లకు వచ్చే ముప్పు. కొక్కెర తెగులు (రాణిఖెత్ అనే కోళ్ల అంటువ్యాధి) ఊళ్లోకి సంత నుంచే ఎక్కువగా వస్తుంది, టైర్లకు, క్రేట్లకు, మన చెప్పులకు అంటుకుని. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ల రవాణాకు ఆంక్షలు పెట్టింది కూడా అందుకే. తిరిగొచ్చాక క్రేట్లు, టైర్లు ముందు సబ్బు నీళ్లతో రుద్ది కడగండి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు, మురికి మీద పోస్తే బ్లీచింగ్ పని చేయదు. అది కూడా కాసేపయ్యాక మంచినీళ్లతో కడిగేయాలి, లేదంటే మళ్లీ తుప్పు. అమ్ముడుపోని కోళ్లను, కొత్తగా కొన్నవాటిని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. ఇది చెబితే ఎవరూ వినరు, విడిగా పెట్టడానికి చోటు లేదంటారు, తెగులొస్తే షెడ్డంతా ఖాళీ అవుతుంది మరి.

కొక్కెరకు మందు లేదు, టీకానే దిక్కు. కోడిపిల్లలకు 5-7 రోజుల మధ్య లసోటా టీకా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ, నాలుగో వారం మరోసారి, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ అనే టీకా ఇంజెక్షన్. టీకాను ఐసు వేసిన ఫ్లాస్కులో తీసుకురండి, డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టి తెస్తే వేసినా వేయనట్టే.

బండి విషయంలో రోజూ ఆయిల్, రేడియేటర్ నీళ్లు చూడడం అందరికీ తెలిసిందే. కోళ్ల దగ్గర తిరిగే బండికి అదనంగా ఒకటుంది, ఊక దుమ్ము, ఈకలు ఎయిర్ ఫిల్టర్‌లోకి, రేడియేటర్ రెక్కల్లోకి దూరతాయి. నల్ల పొగ వస్తుంటే ఇంజెక్టర్ల జోలికెళ్లే ముందు ఫిల్టర్ విప్పి చూడండి. నీలం పొగ అయితే ఆయిల్ తింటోందని. తెల్ల పొగ ఆగకుండా వస్తూ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. డీజిల్ అయిపోయి పైపుల్లో ఎయిర్ పట్టిందనుకోండి, డీజిల్ ఫిల్టర్ దగ్గరి స్క్రూ కాస్త వదులు చేసి చేతి పంపు కొడుతూ ఉంటే మొదట నురగ నురగగా వస్తుంది, బుడగలు ఆగి చిక్కగా డీజిల్ కారినప్పుడు స్క్రూ బిగించేయాలి. పాత డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇది ఒక్కసారైనా మెకానిక్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

ఎండాకాలం తోలకం అన్నిటికంటే కష్టం. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయం. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే ఎక్కించండి, క్రేటులో మామూలుగా పట్టేవాటికంటే నాలుగు తక్కువే వేయండి, క్రేట్ల మధ్య గాలి ఆడేలా సందు వదలండి. టార్పాలిన్ పైన మాత్రమే కట్టాలి, పక్కలు మూసేస్తే లోపల ఉడికిపోతాయి. బండి నడుస్తున్నంతసేపు గాలి తగిలి బాగానే ఉంటాయి, టీ కోసం ఎండలో ఆపినప్పుడే చస్తాయి. దారిలో ఇంజిన్ వేడెక్కి ఆగిపోతే ముందు క్రేట్లు దింపి చెట్టు నీడన పెట్టి నీళ్లు చూపించండి, ఈలోపు ఇంజిన్ దానంతటదే చల్లారుతుంది, పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయండి.