న్యూయార్క్‌లో అద్దెదారుల సంఘం పెట్టుకోవడం ఎలా?

ఒకే భవనంలో అద్దెకుంటున్నవారు సంఘంగా ఏర్పడటానికి న్యూయార్క్‌లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాష్ట్ర స్థిరాస్తి చట్టంలోని 230వ సెక్షన్ ఆ హక్కును ఇచ్చింది. రాకపోకలకు అడ్డు రాకుండా, తగిన వేళల్లో, లాబీ వంటి ఉమ్మడి స్థలంలో సమావేశమైతే యజమాని ఆపకూడదు, రుసుమూ అడగకూడదు. నది దాటి, పక్క రాష్ట్రమైన న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఉంటున్న తెలుగువారికి మాత్రం వేరే చట్టాలు వర్తిస్తాయి.

సంఘం మాట ఎత్తేముందు మీ ఇంటి అద్దె చరిత్రను రాష్ట్ర గృహ శాఖ నుంచి తెప్పించుకోండి. అది ఉచితం, పోస్టులో ఇంటికే వస్తుంది. 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకు మించి ఇళ్లున్న భవనాల్లో చాలావరకు ‘రెంట్ స్టెబిలైజేషన్’ (అద్దె పెంపుపై నియంత్రణ) కిందికి వస్తాయి. నగరంలో ఇలాంటి ఇళ్లు సుమారు 10 లక్షలు. వీటిలో ఏటా ఎంత శాతం పెంచవచ్చో యజమాని కాక ఒక బోర్డు నిర్ణయిస్తుంది. ఏదో ఒక ఏడు అద్దె ఒక్కసారిగా ఎగబాకినట్టు ఆ కాగితంలో కనిపిస్తే, అదనంగా వసూలు చేశారేమోనని అనుమానించడానికి అదే ఆధారం.

తరువాత చేయవలసింది తలుపు తట్టడం. ఇక్కడే మనవాళ్లు తడబడతారని నా అభిప్రాయం: వాట్సాప్‌లో తెలుగు కుటుంబాలన్నిటినీ ఒక గ్రూపుగా చేర్చి, సంఘం పెట్టేశామనుకుంటారు. పై అంతస్తులో ముప్పై ఏళ్లుగా ఉంటున్న స్పానిష్ మాట్లాడే పెద్దావిడకు బాయిలర్ ఏ ఏడు ఎన్నిసార్లు చెడిందో తెలుసు. ఆమె లేని సంఘానికి జ్ఞాపకశక్తి ఉండదు. అందుకని ఒక్కో అంతస్తుకు ఒకరిని బాధ్యులుగా పెట్టి, ప్రతి ఇంటికీ వెళ్లి, మీ సంగతి చెప్పే ముందు వాళ్ల ఇబ్బంది విని రాసుకోండి. వీసా భయంతో వెనకాడేవారికి రెండు విషయాలు చెప్పండి. వలస స్థితిని ఎత్తి బెదిరించడం నగర చట్టం ప్రకారం వేధింపు కిందికి వస్తుంది. అలాగే, నిజాయితీగా ఫిర్యాదు చేసిన ఏడాదిలోగా యజమాని ఖాళీ చేయించబోతే, సాధారణంగా కోర్టు దాన్ని కక్ష సాధింపుగానే భావించి, కాదని నిరూపించుకునే భారం అతనిపైనే పెడుతుంది.

మొదటి సమావేశంలో పది కోరికలు పెట్టుకోకండి. అందరికీ తగిలేది ఒక్కటి చాలు. చాలా భవనాల్లో అది చలికాలంలో ఇంట్లో వేడి చాలకపోవడం. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు, పగటిపూట బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68, రాత్రి బయట ఎంతున్నా లోపల 62 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు పెట్టి తేదీ, వేళ, అంకె రాసుకుంటూ, ప్రతి ఇంటివారూ విడివిడిగా నగర ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చేయాలి. తనిఖీలో తప్పు తేలితే నగర గృహ శాఖ దాన్ని ఎ, బి, సి తరగతుల్లో ఒకటిగా నమోదు చేస్తుంది. వేడి లేకపోవడం అత్యంత ప్రమాదకరమైన సి తరగతి. ఆ రికార్డు చేతికొచ్చాక అందరూ సంతకాలు చేసిన ఉత్తరాన్ని గడువు పెట్టి యజమానికి పంపండి. అప్పటికీ కదలకపోతే మరమ్మతుల కోసం హౌసింగ్ కోర్టులో ఉమ్మడిగా దావా వేయవచ్చు.

అద్దె ఆపేయడం గురించి ఆవేశపరులు మొదటి రోజే మాట్లాడతారు. 1907 చివర న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో, బట్టల కార్ఖానాలో పనిచేసే యువతి పాలిన్ న్యూమన్ ముందు నిలిచిన అద్దె సమ్మెలో కొందరికి అద్దె తగ్గింది, కొందరు వీధిన పడ్డారు. ఇప్పుడైనా యజమాని బకాయి దావా వేయగలడు కనుక, న్యాయవాదితో మాట్లాడి, ఆపిన సొమ్మంతా విడి ఖాతాలో పైసా తగ్గకుండా దాచగలమన్న నమ్మకం కుదిరాకే అందుకు దిగాలి.

ఇక భవనం దాటిన సంగతి. ఏటా పెంపును నిర్ణయించే ఆ బోర్డు పేరు రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు. అందులోని 9 మంది సభ్యులనూ మేయరే నియమిస్తారు: అద్దెదారుల తరఫున ఇద్దరు, యజమానుల తరఫున ఇద్దరు, ప్రజల తరఫున ఐదుగురు. బిల్ డి బ్లాసియో హయాంలో 2015, 2016, 2020లలో ఏడాది లీజులకు పెంపు సున్నా. ఎరిక్ ఆడమ్స్ హయాంలో 2022 నుంచి 2025 వరకు ఏటా పెంపే. అద్దెలను స్తంభింపజేస్తానన్న హామీతోనే 2025 నవంబరులో జోహ్రాన్ మమ్దానీ మేయరుగా గెలిచారు. పన్నులు, బీమా, ఇంధన ఖర్చులు పెరిగాయన్న యజమానుల వాదనలో చిన్న భవనాలవారి విషయంలో కొంత నిజం లేకపోలేదు, అయితే ఆ లెక్కలను వాళ్లు బోర్డు ముందుకు ఏటా తెస్తారు, కనుక మన లెక్కలనూ మనం తీసుకెళ్లాలి. సాధారణంగా జూన్‌లో జరిగే ఓటింగుకు ముందు బహిరంగ విచారణలుంటాయి. ముందుగా పేరు నమోదు చేసుకుని కనీసం ఐదారుగురు కలిసి వెళ్లండి. మాట్లాడేందుకు దొరికేది కొద్ది నిమిషాలే కనుక, మీ భవనంలో అద్దె ఎంత పెరిగిందో, అదే చలికాలంలో వేడి ఎన్ని రోజులు లేదో చెప్పి, 311 ఫిర్యాదుల పట్టికను సభ్యులకు అందజేసి రండి.