మోల్ లెక్కలు – 4వ పాఠం: సమీకరణంలో ముందున్న 2

ఈసారి చర్యా విధానం, అంటే చర్య ఏయే మెట్లలో జరుగుతుందో, మొదలుపెట్టాలి. కానీ పోయినసారి ఇచ్చిన నీటి లెక్క (8 గ్రాముల హైడ్రోజన్ మండితే ఎంత నీరు వస్తుంది?) చాలామందిని తికమక పెట్టింది. దాన్ని తేల్చాకే ముందుకు పోదాం. ఫార్ములాలో బ్రాకెట్ బయటి అంకె లోపలున్న మొత్తాన్ని గుణిస్తుందన్న సంగతి అందరికీ వచ్చేసింది; అల్యూమినియం సల్ఫేట్‌కు (2 అల్యూమినియం, 3 సల్ఫేట్) 54 + 3 × 96 = 342 అని సరిగ్గానే రాశారు.

చిక్కల్లా ఇక్కడ:

2 హైడ్రోజన్ + 1 ఆక్సిజన్ → 2 నీరు

మోల్ అంటే డజను లాగా అణువులను లెక్కపెట్టే ఒక స్థిర సంఖ్య; ఒక మోల్ బరువు గ్రాముల్లో ఎంతో అదే మోలార్ ద్రవ్యరాశి. ముందున్న 2 చూసి హైడ్రోజన్ మోలార్ ద్రవ్యరాశి 4, నీటిది 36 అని వేస్తున్నారు. అలా వేయకూడదు. హైడ్రోజన్‌ది ఎప్పుడూ 2, నీటిది ఎప్పుడూ 18. ముందున్న అంకె ఎన్ని మోల్‌లో చెబుతుంది, అంతే. ఒక్కో మోల్ ఎంత బరువో దానికి పట్టదు.

ఈ తప్పు ఇన్నాళ్లు దొరక్కపోవడానికి కారణముంది. 8 గ్రాముల హైడ్రోజన్ మండితే ఎంత నీరు? తప్పుదారిలో 8 ÷ 4 = 2, 2 × 36 = 72 గ్రాములు. సరైన దారిలో 8 ÷ 2 = 4 మోల్‌లు, 4 × 18 = 72. జవాబు ఒకటే! పైన ఒక తప్పు, కింద ఒక తప్పు, రెండూ కొట్టుకుపోయాయి. అదే లెక్కలో ఆక్సిజన్ ఎంత కావాలని అడిగితే బండారం బయటపడుతుంది. 4 మోల్‌ల హైడ్రోజన్‌కు 2 మోల్‌ల ఆక్సిజన్, అంటే 64 గ్రాములు. తప్పుదారిలో హైడ్రోజన్ 2 మోల్‌లే అనుకుంటాం కాబట్టి ఆక్సిజన్ 1 మోల్, అంటే 32 వస్తుంది. 8 + 32 = 40 గ్రాముల సరుకుతో 72 గ్రాముల నీరు ఎలా వస్తుంది? అందుకే ప్రతి లెక్క చివరా ఇటు బరువు, అటు బరువు కూడి చూడండి. అడ్డగుణకారం నాకు నచ్చదు, అందులో మోల్ కనపడకుండా పోతుంది. గ్రాములు మోల్‌లయ్యేదాకా నేను సమీకరణం ముఖం చూడను.

ఇక చర్యా విధానం. సమీకరణం మొత్తం జమాఖర్చు. అణువులు నిజంగా ఏ వరుసలో ఢీకొన్నాయో అందులో ఉండదు. నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ అవుతాయి, అన్నీ ఒక్కొక్కటే. తక్కువ ఉష్ణోగ్రతలో ఇది రెండు మెట్లలో జరుగుతుంది:

1. రెండు నైట్రోజన్ డయాక్సైడ్ → నైట్రోజన్ ట్రైఆక్సైడ్ + నైట్రిక్ ఆక్సైడ్ (నెమ్మది)
2. నైట్రోజన్ ట్రైఆక్సైడ్ + కార్బన్ మోనాక్సైడ్ → నైట్రోజన్ డయాక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్ (వేగం)

వేగాన్ని శాసించేది నెమ్మది మెట్టే. అందులో కార్బన్ మోనాక్సైడ్ లేదు, కాబట్టి దాన్ని రెట్టింపు చేసినా చర్య వేగం మారదు.

అభ్యాసం: 23 గ్రాముల నైట్రోజన్ డయాక్సైడ్, 21 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ ఉన్నాయి. ఏది ముందు అయిపోతుంది? ఏవి ఎన్ని గ్రాములు మిగులుతాయి, ఎన్ని ఏర్పడతాయి? మొదటి మెట్టులో రెండు నైట్రోజన్ డయాక్సైడ్‌లు ఖర్చవుతున్నా, మొత్తం లెక్కలో ఒక్కటే ఎందుకు తగ్గిందో రెండు వాక్యాల్లో రాయండి.