కెనడాలో వైద్య అవసరానికి ఇంట్లో గంజాయి మొక్కలు: హెల్త్ కెనడా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు విధానం

నాలుగు మొక్కల వరకు దరఖాస్తు అక్కర్లేదు. 2018 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన కెనడా గంజాయి చట్టం ప్రకారం వయోజనులు తమ ఇంట్లో నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. దానికి ఏ కార్యాలయానికీ కాగితం పంపనవసరం లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అయితే ఆ నాలుగు అన్నది ఇంటికి లెక్క, మనిషికి కాదు. ఒకే ఇంటి బేస్‌మెంట్‌లో అయిదుగురు విద్యార్థులు కలిసి ఉంటే మనిషికి నాలుగు చొప్పున ఇరవై కావు. అయిదుగురికీ కలిపి నాలుగే. క్విబెక్‌లో ఆ నాలుగు కూడా లేవు. అక్కడి ప్రాంతీయ చట్టం ఇంటి సాగును నిషేధించింది, 2023లో కెనడా సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లుతుందని తీర్పు చెప్పింది. కనీస వయసు కూడా అంతటా ఒకటి కాదు: ఆల్బెర్టాలో 18, క్విబెక్‌లో 21, చాలా ప్రాంతాల్లో 19.

ఇక్కడ వివరించే దరఖాస్తు వేరు. నొప్పి, మూర్ఛ, కండరాల బిగువు, కీమోథెరపీ తర్వాతి వికారం వంటి బాధలకు వైద్యుడు గంజాయి వాడమని రాసి ఇచ్చినప్పుడు, ఆ రోగి తన మందును తానే పండించుకోవడానికి హెల్త్ కెనడా (కెనడా సమాఖ్య ప్రభుత్వ ఆరోగ్య శాఖ) ఇచ్చే రిజిస్ట్రేషన్ గురించి ఇది. ఆ రిజిస్ట్రేషన్ ఉంటే మొక్కల సంఖ్యను మీ మోతాదు నిర్ణయిస్తుంది. సమాఖ్య నిబంధనల కింద ఇచ్చేది కనుక క్విబెక్‌లోని రోగికీ వర్తిస్తుంది.

మా బావగారి కోసం ఈ కాగితాలన్నీ నేనే నింపాను. వెన్నుపూస దెబ్బతిని ఆయన రాత్రులు నిద్రపోలేని రోజులవి. "గంజాయి" అనే మాట ఇంట్లో పైకి అనడానికే మా అక్క సంకోచించింది. మన ఊళ్లలో ఆ మాట వినిపించేది పోలీసు వార్తల్లోనే కాబట్టి ఆ సంకోచం నాకు అర్థమవుతుంది. కానీ సిగ్గుతో ఎవరినీ అడగకుండా పొరపాటు కాగితాలు పంపి, నెలల తరబడి నొప్పి భరించినవాళ్లను చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ అనుమతి నాలుగింటితో ముడిపడి ఉంటుంది: ఫలానా రోగి, ఫలానా మోతాదు, ఫలానా చోటు, ఫలానా గడువు. వీటిలో ఏ ఒక్కటి మారినా చేతిలో ఉన్న ధ్రువపత్రం మీ పరిస్థితికి సరిపోదు. దరఖాస్తులో అడిగే ప్రతి ప్రశ్నా ఈ నాలుగింటిలో ఒకదానికి సంబంధించినదే.

ఈ హక్కు ఎలా వచ్చింది

టెరెన్స్ పార్కర్ అనే టొరంటో మనిషికి మూర్ఛవ్యాధి. మందులూ శస్త్రచికిత్సా చాలక ఇంట్లో గంజాయి పెంచి వాడుకున్నాడు, కేసు పడింది. వైద్య అవసరానికి మినహాయింపు ఇవ్వని నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని 2000 జులై 31న ఒంటారియో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాదే తొలి వైద్య గంజాయి నిబంధనలు వచ్చాయి. తర్వాత ప్రభుత్వం ఇంటి సాగును తీసివేసి, లైసెన్సు ఉన్న కంపెనీల దగ్గరే కొనుక్కోవాలంది. నీల్ అలార్డ్ తదితరులు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 2016 ఫిబ్రవరిలో వాళ్లు గెలిచారు, ఆ ఏడాది ఆగస్టులో ఇంటి సాగు తిరిగి వచ్చింది. అంటే ఈ ఫారం వెనుక ఉన్నది ప్రభుత్వ దయ కాదు, రోగులు కోర్టుల్లో నిలబడి సాధించుకున్న హక్కు. దరఖాస్తు చేసేటప్పుడు తల దించుకోవలసిన పని లేదు.

ఎవరు చేయవచ్చు

స్వయంగా పెంచుకోవాలంటే 18 ఏళ్లు నిండి ఉండాలి, కెనడాలో స్థిరంగా నివసిస్తూ ఉండాలి. రెండు నెలలు పిల్లలను చూసిపోదామని వచ్చిన తల్లిదండ్రులు దీని కిందికి రారు. లోగడ ఇలాంటి అనుమతి చేతిలో ఉండగానే గంజాయి నేరం చేసి గత పదేళ్లలో శిక్ష పడినవారు పెంచడానికి అర్హులు కారు.

చేతకానివారు తమ బదులు మరొకరిని నియమించుకోవచ్చు. మా ఇంట్లో జరిగింది అదే: రోగి బావగారు, పెంచే మనిషి అక్క. ఆ వ్యక్తి కూడా పెద్దవారై ఉండాలి, గత పదేళ్లలో తనకు గంజాయి నేరాల్లో శిక్ష పడలేదని పోలీసుల నుంచి పత్రం తేవాలి. ఆ పత్రం చేతికి రావడానికి సమయం పడుతుంది కనుక ముందే అడిగి పెట్టుకోండి. ఒక మనిషి రెండు రిజిస్ట్రేషన్లకు మించి పెంచకూడదు. ఒకే చిరునామాలో నాలుగు రిజిస్ట్రేషన్లకు మించి ఉండకూడదు. రోగి మైనరైతే బాధ్యత వహించే పెద్దవారు దరఖాస్తు చేస్తారు.

వైద్య పత్రం: అన్నిటికన్నా జాగ్రత్త పడవలసినది

ఇది మామూలు మందుల చీటీ కాదు. చట్టం దీన్ని వైద్య పత్రం అంటుంది. డాక్టరు గానీ నర్స్ ప్రాక్టిషనర్ (రోగులను పరీక్షించి మందులు రాసే అధికారం ఉన్న నర్సు) గానీ ఇవ్వాలి. అందులో రోగి పూర్తి పేరు, పుట్టిన తేదీ, వైద్యుని పేరు, వృత్తి, చిరునామా, ఫోను, లైసెన్సు సంఖ్య, ఏ ప్రాంతంలో వైద్యం చేసే అధికారం ఉందో ఆ వివరం, రోగిని చూసిన చోటు, రోజుకు ఎన్ని గ్రాముల ఎండు గంజాయి, ఎంత కాలం వాడాలి, సంతకం, తేదీ ఉండాలి. కాలం ఒక ఏడాదికి మించకూడదు.

రోజువారీ మోతాదు ఒకే అంకెగా ఉండాలి. మాకు ఒక క్లినిక్ "1 నుంచి 3 గ్రాములు" అని రాసి ఇచ్చింది. ఆ తప్పు నేనూ గమనించలేదు. ఫైలు వెనక్కి వచ్చింది. మళ్లీ అపాయింట్‌మెంట్, మళ్లీ సంతకం. ఆ వారాలన్నీ బావగారు నొప్పితోనే గడిపారు. పత్రం చేతికి అందగానే క్లినిక్ గది దాటకుండానే ఒక్కొక్క గడీ చదవండి. తప్పుంటే అక్కడికక్కడే సరిచేయించుకోవచ్చు.

తర్వాత పేరు. ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మూడు మాటల పేరు మరో గడిలో ఉంటాయి. హెల్త్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా మారి ఉంటుంది. క్లినిక్ కంప్యూటర్‌లో "వెంకట" మొదటి పేరు, "సత్యనారాయణ" మధ్య పేరు అయి కూర్చుంటాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవారికి ఇంకో చిక్కు. వైద్య పత్రంలో ఉన్న పేరూ, పుట్టిన తేదీ, దరఖాస్తులో ఉన్నవీ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. గుర్తింపు కార్డును బల్ల మీద పెట్టి, చూసి రాయమని క్లినిక్ వాళ్లను అడగండి. దీనికి వాళ్లేమీ నొచ్చుకోరు.

పత్రం అసలుదే పంపాలి, జిరాక్సు చెల్లదు. పంపే ముందు ఒక నకలు తీసి ఇంట్లో దాచుకోండి.

మోతాదు నుంచి మొక్కల లెక్క

సంఖ్యను మీరు కోరుకోవడం ఉండదు. సూత్రం ప్రకారం వస్తుంది. ఇంటి లోపల ఒక్కో మొక్క కోతకు 30 గ్రాములు ఇస్తుందనీ, ఏడాదికి మూడు కోతలు వస్తాయనీ లెక్క. ఆరుబయటైతే మొక్కకు 250 గ్రాములు, ఏడాదికి ఒకే కోత. రోజు మోతాదును 365తో గుణించి, దాన్ని ఒక మొక్క ఏడాది దిగుబడితో భాగించి, కొన్ని మొక్కలు చచ్చిపోతాయి కనుక 1.2తో గుణిస్తారు. రోజుకు 1 గ్రాము అయితే లోపల 4.87 వస్తుంది, అంటే 5 మొక్కలు, బయట 1.75, అంటే 2. రోజుకు 2 గ్రాములైతే లోపల 10, బయట 4. నిల్వకు కూడా పరిమితి ఉంటుంది: 1 గ్రాము మోతాదుకు లోపలి సాగైతే 225 గ్రాములు, బయటి సాగైతే 750 గ్రాములు. ఇంటి బయట మీ వెంట ఉంచుకోదగ్గది ముప్పై రోజుల మోతాదు లేదా 150 గ్రాములు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.

మొక్కలు ఎక్కువ రావాలని మోతాదు పెంచి రాయించుకోమని సలహా ఇచ్చేవారు కొందరు ఎదురవుతారు. వినకండి. హెల్త్ కెనడా వైద్యునికే ఫోను చేసి ఆ అంకెను సరిచూసుకోగలదు. పెద్ద మోతాదుల మాటున అమ్మకాలు సాగాయన్న అనుభవం దానికి ఉంది. ప్రజల భద్రతకు ముప్పు అనిపిస్తే దరఖాస్తు తిరస్కరించే, ఉన్న రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారమూ ఉంది. నిజంగా అవసరమున్న రోగుల మీద అనుమానం పెరగడానికి ఇలాంటి అత్యాశే కారణం.

చోటు

మొక్కలు పెంచే చిరునామా, పండినదాన్ని దాచే చిరునామా విడిగా అడుగుతారు. ఇంటి లోపలా, ఆరుబయటా, లేక కొంతకాలం లోపల కొంతకాలం బయటా అన్నది చెప్పాలి. రెండుచోట్లా ఏకకాలంలో పెంచడానికి వీల్లేదు. ఆరుబయట అయితే ఆ స్థలం బడికి, పిల్లల ఆటస్థలానికి, శిశు సంరక్షణ కేంద్రానికి హద్దు కలిపి ఉండకూడదు.

మీరు నివసించే ఇల్లు కాకుండా వేరొకరి స్థలంలో పెంచాలనుకుంటే యజమాని సమ్మతి సంతకం దరఖాస్తుకు జతపరచాలి. మీరు అద్దెకుండే ఇంట్లోనైతే ముందు అద్దె ఒప్పందం చదవండి, అపార్ట్‌మెంట్ సంఘం నిబంధనలూ చదవండి. హెల్త్ కెనడా అనుమతి ఇచ్చినంత మాత్రాన యజమానితో మీరు చేసుకున్న ఒప్పందం రద్దు కాదు. ఇంటి బీమా కంపెనీకి కూడా ఒక మాట చెప్పడం మేలు. దీపాల వల్ల విద్యుత్ భారం, తేమ వల్ల గోడలకు బూజు వస్తే పరిహారం దగ్గర పేచీ రాకుండా ఉంటుంది. బ్యూటేన్ వంటి సేంద్రియ ద్రావకాలతో ఇంట్లో నూనె తీయడం ఎవరికీ అనుమతి లేని పని. దాని వల్ల ఇళ్లు పేలిపోతాయి.

పంపడం, ఆ తర్వాత

ఫారం హెల్త్ కెనడా వెబ్‌సైటులో దొరుకుతుంది. స్వయంగా పెంచుకునేవారివీ, మరొకరిని నియమించేవారివీ భాగాలు వేరు. మీకు వర్తించేవే నింపి, సంతకాలన్నీ అయ్యాయో లేదో చూసుకుని, ఫారం మీద ఉన్న చిరునామాకు ట్రాకింగ్ ఉన్న తపాలాలో పంపండి.

ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా నాలుగు మొక్కల మామూలు పరిమితి దాటవద్దు, క్విబెక్‌లో అయితే ఒక్కటీ పెంచవద్దు. దరఖాస్తు పంపామన్న రసీదు అనుమతి కాదు. వచ్చిన ధ్రువపత్రం మీద మొక్కల సంఖ్య, నిల్వ పరిమితి, చిరునామా, గడువు అన్నీ ఉంటాయి. పోలీసులు అడిగితే చూపవలసింది అదే. విత్తనాలు లేదా మొక్కలు లైసెన్సు ఉన్న అమ్మకందారు దగ్గరే కొనాలి. మొదటి పంట చేతికి వచ్చేదాకా మందు ఆగకుండా, అదే ధ్రువపత్రంతో ఆ అమ్మకందారు దగ్గర నమోదై ఎండు గంజాయి కొనుక్కోవచ్చు. పండినది రోగికే చెందుతుంది. అమ్మడమే కాదు, "మీ మోకాళ్లకు బాగుంటుంది" అని పక్కింటి పెద్దాయనకు కొంచెం ఇవ్వడం కూడా నేరమే.

ఇల్లు మారితే మొక్కలను కారులో వేసుకుని పోకూడదు. ముందు మార్పు దరఖాస్తు పంపి, కొత్త చిరునామాతో ధ్రువపత్రం వచ్చాకే అక్కడ పెంచాలి.

పీఆర్ (శాశ్వత నివాసం), వర్క్ పర్మిట్, స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి

పరిమితి దాటి పెంచడం గంజాయి చట్టం కింద గరిష్ఠంగా 14 ఏళ్ల జైలుకు వీలున్న నేరం. ఒకటి రెండు మొక్కలు ఎక్కువైతే జరిమానా టికెట్‌తో పోయే అవకాశముంది. కానీ కోర్టులో శిక్షపడితే, కెనడా వలస చట్టం పదేళ్లు లేదా అంతకు మించి శిక్షకు వీలున్న నేరాన్ని తీవ్ర నేరంగా చూస్తుంది. అసలు పడిన శిక్ష చిన్నదైనా, పౌరసత్వం లేనివారికి దేశంలో ఉండే హక్కే పోవచ్చు. పౌరుడైన పొరుగువాడికి జరిమానాతో ముగిసినది మీకు వెనక్కి వెళ్లే టికెట్ కావచ్చు. మొక్కలను వారానికొకసారి లెక్కపెట్టుకోండి. ముక్క నాటి వేరు పట్టించిన చిన్న మొక్క కూడా మొక్కే.

ఈ ధ్రువపత్రం కెనడా హద్దు దాటితే పనికిరాదు. వైద్య అనుమతి ఉన్నా గంజాయిని దేశంలోకి తేవడం, దేశం నుంచి తీసుకుపోవడం నేరం. నయాగరా వంతెన దాటి బఫెలోలో బంధువుల ఇంటికి వెళ్తున్నా అంతే, హైదరాబాద్ విమానం ఎక్కుతున్నా అంతే. ప్రయాణానికి ముందు సంచులు దులిపి చూసుకోండి. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 20వ సెక్షన్ కింద గంజాయి మొక్కను పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. పెరట్లో ఒక్క మొక్క అయినా ఆ సెక్షన్ కిందికే వస్తుంది. ఇక్కడ అలవాటైందని ఊళ్లో నాన్నగారి నొప్పులకు అక్కడే నాటమని ఫోనులో సలహా చెప్పకండి.

గడువు

రిజిస్ట్రేషన్ వైద్య పత్రం కాలంతోపాటే ముగుస్తుంది. దానంతట అది పొడిగించబడదు. కొత్త వైద్య పత్రంతో మళ్లీ దరఖాస్తు చేయాలి. గడువు తీరిన మర్నాటి నుంచి నాలుగుకు మించిన ప్రతి మొక్కా చట్టవిరుద్ధం. క్విబెక్‌లో అయితే ఆ నాలుగూ కూడా. అందుకే ధ్రువపత్రం వచ్చిన రోజే క్యాలెండర్‌లో మూడు నెలల ముందు తేదీకి గుర్తు పెట్టుకుని, ఆ వారంలో వైద్యుని అపాయింట్‌మెంట్ అడగండి. మా అక్క వంటగదిలో, గ్యాస్ పొయ్యి పక్క గోడమీది తెలుగు క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గీసి ఉంటుంది.