ఇంట్లోనే మెటల్ పాలిష్ – 4వ పాఠం: బఫ్ కొట్టాక బయటపడిన గీతలు

ఈసారి బఫింగ్, అంటే తిరిగే గుడ్డ చక్రంతో మెరుపు తేవడం, చెప్పుకోవాలి. చెప్పుకుందాం, కానీ చివర్లో. మూడో పాఠం మిగిల్చిన పేచీ ముందు తేల్చాలి.

బుల్లెట్ బండి టైమింగ్ కవరుకు (ఇంజను పక్కనుండే అల్యూమినియం మూత) 220 నుంచి 1500 దాకా వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ సన్నం) పట్టి, ఆగలేక బఫ్ కూడా కొట్టేసినవాళ్లందరిదీ ఒకటే గోల. ముఖం చూసుకునేంత మెరుపు వచ్చింది, ఎండలోకి తెస్తే ఒళ్లంతా గీతలు. బఫ్ కొట్టేకొద్దీ గీతలు పెరుగుతున్నాయని కొందరి అనుమానం. పెరగడం లేదు. మసక కింద దాక్కున్నవి మసక పోగానే కనపడుతున్నాయి, అంతే. సన్నని మసకను తీయడమే బఫ్ పని. 220 నంబరు గీతను తీయమంటే దాని అంచులు కాస్త గుండ్రబడతాయి, గీత మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుడది ఇంకా నున్నగా, ఇంకా స్పష్టంగా మెరుస్తుంది.

కాబట్టి గీతను చూసి జబ్బు పట్టుకోవడం నేర్చుకోవాలి. ఒకే దిక్కుకు, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయా? అవి ముందు నంబరు పేపరు గీతలు, పూర్తిగా పోకుండానే మీరు పై నంబరుకు వెళ్లారు. ఒంటరిగా, లోతుగా, వంకరగా ఒకటో రెండో ఉన్నాయా? అది ఇసుక రేణువు పని. 220 పట్టిన మగ్గులోనే 800 ముంచితే ఇలాగే అవుతుంది. నంబరు మారినప్పుడల్లా నీళ్లు పారబోసి, కవరునూ చేతులనూ కడిగి, కొత్త నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసుకోండి. చిన్న గుంట, దాని వెనక తోక ఉందా? పోతపోసిన అల్యూమినియంలో గాలి బుడగల గుంటలు సహజం. ఒకే దిక్కున బఫ్ కొడితే ఒక్కో గుంటకూ తోక పుడుతుంది. దిక్కు మార్చి కొడితే తోక పోతుంది, గుంట ఉండిపోతుంది. గుంటల కోసం ఇంకా అరగదీయకండి. పైవి పోయేలోగా కింద కొత్తవి తెరుచుకుంటాయి.

ఇప్పుడు అసలు చిరాకు పెట్టే తప్పు. తడిగా ఉన్న కవరును చూసి "గీతలు పోయాయి" అని తీర్మానించడం. తడిలో ప్రతి కవరూ అందంగానే ఉంటుంది! నీళ్లు గీతల్లో నిండి పైభాగాన్ని సమం చేస్తాయి. వెలుతురు గీత అంచుకు తగిలి చెదరాల్సింది చెదరదు, గీత మాయమైనట్టు ఉంటుంది. ఆరగానే తిరిగొస్తుంది. పేపరు నంబరు మార్చే ముందు ప్రతిసారీ, ఒక్కసారి కూడా వదలకుండా, కవరును పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద రెండు నిమిషాలు ఉంచి, అప్పుడు చూడండి. చూడటానికీ ఒక పద్ధతి ఉంది. ట్యూబులైటు కింద నిటారుగా పట్టుకుంటే ఏమీ తెలియదు. గది చీకటి చేసి, ఫోను టార్చిని కవరుకు దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. వెలుతురు వచ్చే దిక్కుకు అడ్డంగా ఉన్న గీతలే మెరుస్తాయి, అదే దిక్కులో నిలువుగా ఉన్నవి దాక్కుంటాయి. అందుకని కవరును మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. తిప్పకుండా చూస్తే సగం గీతలను చూడనట్టే. మగ్గు పక్కన పొడి బనియన్ గుడ్డ లేకపోతే పని మొదలుపెట్టకండి.

వెనక్కి ఎంత దూరం వెళ్లాలి? గోరు తగిలే గీత అయితే 220 దాకా. తగలకపోతే ముందు 600తో ఒక చిన్నచోట రెండు నిమిషాలు ప్రయత్నించండి. పోకపోతే 400కి దిగండి. మొత్తం కవరును 220తో మళ్లీ మొదలుపెట్టడం శ్రమదండగ, అదనంగా మూలలు అరిగిపోతాయి.

పై నంబరుకు మారినప్పుడు రుద్దే దిక్కు కూడా అడ్డంగా మారాలని గతసారి ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం పొరపాటే. 220 నిలువుగా పడితే 400 అడ్డంగా, 800 మళ్లీ నిలువుగా. నిలువు గీత ఒక్కటి కూడా మిగలకుండా అంతా అడ్డగీతలే అయ్యాకే 400 పని ముగిసినట్టు. కాదు, ఇంకొంచెం ఉంది: పాత గీత కనపడకుండా పోవడానికి అయిదు నిమిషాలు పడితే, ఆ తర్వాత మరో రెండు మూడు నిమిషాలు రుద్దండి. గీత కింద లోహం కొంత లోతు దాకా నలిగి ఉంటుంది, అది కూడా పోవాలి. 220 పేపరు రేణువు సుమారు 68 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 400ది 35, 800ది 22, 1500ది 13. ఒక్కో మెట్టులో దాదాపు సగానికో మూడింట రెండు వంతులకో దిగుతున్నాం. 220 నుంచి ఒక్కసారిగా 1500కి దూకితే, 68 మైక్రాన్ల రేణువు చేసిన గాయాన్ని 13 మైక్రాన్ల రేణువుతో మాన్పాలి. చేతులు పడిపోతాయి. నా మటుకు 2000 అనవసరం. 1500 శుభ్రంగా పడితే మిగతాది బఫ్ చూసుకుంటుంది.

చదునైన చోట పేపరు వెనక పాత హవాయి చెప్పు ముక్క పెట్టండి. ఉత్త వేళ్లతో నొక్కితే వేళ్ల వెడల్పున అలలు పడతాయి, మెరిశాక కవరు ముఖం వంకర అద్దంలా ఉంటుంది. గాస్కెట్ (ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పలచని పొర) కూర్చునే అంచుకు మాత్రం పేపరు తగలనివ్వకండి, ఆయిల్ కారుతుంది.

ఎంత రుద్దినా మెరుపు మచ్చలు మచ్చలుగా వస్తోందంటే పైన క్లియర్ లాకరు, అంటే రంగులేని రక్షణ పూత, ఇంకా ఉంది. పెయింట్ రిమూవరుతో పూర్తిగా తీసేయండి. కాస్టిక్ సోడా వద్దు, అది అల్యూమినియాన్నే తినేసి హైడ్రోజన్ వదులుతుంది. క్రోమ్ మడ్‌గార్డు మీద పేపరు పట్టినవాళ్లకు ఇంట్లో మందు లేదు. అలంకారపు క్రోమ్ పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు, కింద కనపడే పసుపు ఛాయ నికెల్‌ది. మళ్లీ ప్లేటింగ్ చేయించాల్సిందే.

ఇక బఫ్. 2,800 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) డ్రిల్లుకు నాలుగంగుళాల గుడ్డ చక్రం వేస్తే అంచు వేగం సెకనుకు దాదాపు 15 మీటర్లు. కాస్త నెమ్మదే, కానీ ఇంట్లో నేర్చుకునేవాళ్లకు చాలు. అదే చక్రాన్ని 11,000 ఆర్పీఎం గ్రైండరుకు బిగిస్తే 58 మీటర్లు అవుతుంది. చక్రం మీద అంత వేగం రాసి లేకపోతే బిగించకండి. ముందు బ్రౌన్ సబ్బు (చక్రానికి పట్టించే పాలిష్ ముద్ద, ఒంటి సబ్బు కాదు), తర్వాత తెల్లది. రెండింటికీ వేరువేరు చక్రాలు, వేరువేరు సంచుల్లో దాచండి. తిరిగే చక్రానికి సబ్బు ఒక సెకను తాకిస్తే చాలు, ఎక్కువైతే కవరు మీద నల్లటి జిడ్డు పేరుకుంటుంది. చక్రం గట్టిపడితే తిరుగుతుండగా పాత హాక్సా బ్లేడు పళ్లతో గీకండి. చక్రం ఎప్పుడూ కవరు అంచు దాటి బయటికి వెళ్లే దిక్కులో తిరగాలి. అంచుకు ఎదురుగా తిరిగితే డ్రిల్లును చేతిలోంచి లాగేస్తుంది. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. చున్నీ, వదులు చొక్కా చేతులు దూరంగా ఉండాలి. బ్రేకు డిస్కుకూ షూలకూ ఈ జిడ్డు అంటకూడదు. చివర్లో మిగిలే నల్లటి పొరకు మైదా పిండి చల్లి మెత్తని గుడ్డతో తుడిస్తే జిడ్డు లాగేస్తుంది. ఆ వెంటనే కారు వాక్స్ పూయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్నచోట నెలకోసారి. ఇత్తడి బిందెల అలవాటుతో చింతపండు పట్టకండి, ఆ పులుపు అల్యూమినియం మెరుపును మసకబారుస్తుంది.

సాధన. పాత ఇనుపసామాన్ల కొట్టులో పగిలిన స్కూటర్ కవరు ఒకటి తెచ్చుకోండి. మొత్తం 220 పట్టి, మాస్కింగ్ టేపుతో నాలుగు పట్టీలు చేయండి. మొదటిది 220 నుంచి నేరుగా 1500. రెండోది 400, 800, 1500, దిక్కు మార్చకుండా. మూడోది దిక్కు మారుస్తూ, నీళ్లు మాత్రం మార్చకుండా. నాలుగోది అన్నీ సరిగ్గా. ఒక్కో పట్టీకి ఒక్కో మెట్టులో అయిదు నిమిషాలు, గడియారం చూసి. తర్వాత టేపు తీసేసి నాలుగింటికీ బ్రౌన్ సబ్బుతో మూడేసి నిమిషాలు బఫ్. చీకటి గదిలో టార్చి వేసి, కవరు తిప్పుతూ, ఏ పట్టీలో ఏ రకం గీత ఉందో రాసుకోండి. సాయంత్రమంతా పడుతుంది, భుజం నొప్పి పుడుతుంది. ఆ ముక్కను పారేయకండి, అయిదో పాఠంలో స్టెయిన్‌లెస్ సైలెన్సర్‌కు ఆకుపచ్చ సబ్బు పట్టేటప్పుడు పక్కన పెట్టుకుని చూడాలి.