ఇంటి మేడపై సౌర విద్యుత్తు – రెండవ పాఠం: డిసెంబరు నీడ

మొదటి పాఠంలో పన్నెండు నెలల కరెంటు బిల్లులను ముందు పెట్టుకుని, ఏ నెలలో ఎన్ని యూనిట్లు వాడారో ఒక కాగితం మీద వరుసగా రాయమని కోరాను. ఆ కాగితం మీ చేతిలో ఉన్నదనుకుని ఈ పాఠం మొదలుపెడుతున్నాను. లేనివారు ముందు ఆ పని పూర్తిచేసి రావడం మంచిది, ఎందుకంటే ఎన్ని కిలోవాట్లు కావాలో చెప్పేది ఆ కాగితమే. ఆ కిలోవాట్లను మేడ మీద ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఈ పాఠం విషయం.

స్థలం సంగతికి వెళ్లేముందు కాగితం లెక్కను ముగిద్దాం. విజయనగరంలో నెలకు సగటున 260 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. 2022-23 టారిఫ్ ఉత్తర్వుతో వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. మీ బిల్లు మీద అచ్చయిన ధరలు వేరుగా ఉంటే వాటినే వాడండి, పద్ధతి మారదు. ఈ లెక్కన 260 యూనిట్లకు యూనిట్ల ఖర్చు సుమారు 1,323 రూపాయలు అవుతుంది. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

మన ప్రాంతంలో నీడ పడని ఒక కిలోవాటు ప్యానెల్, ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తుంది. ఒక కిలోవాటు పెట్టుకుంటే బిల్లులో 140 యూనిట్లు మిగులుతాయి, వాటి ఖరీదు 507 రూపాయలు. రెండు పెట్టుకుంటే 20 యూనిట్లే మిగులుతాయి, ఖరీదు 38 రూపాయలు. అంటే మొదటి కిలోవాటు నెలకు 816 రూపాయలు మిగిలిస్తే, అదే ఎండలో, అదే మేడ మీద, అంతే కరెంటు తయారుచేసే రెండవ కిలోవాటు 469 రూపాయలే మిగిలిస్తుంది. మొదటిది పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లను కొట్టివేస్తుంది, రెండవదానికి కింది శ్లాబులోని చవక యూనిట్లే మిగులుతాయి. మూడవ కిలోవాటు ఈ ఇంటికి దాదాపు పూర్తిగా మిగులే. గ్రిడ్డుకు, అంటే కరెంటు సంస్థ లైన్లకు, పంపిన మిగులు యూనిట్లకు దక్కే ధర పై శ్లాబు ధరకు దరిదాపుల్లో కూడా ఉండదు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. ఈ రాయితీకి ప్యానెల్, అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్ రెండూ దేశంలో తయారైనవే కావాలి. రాయితీని చూసి అందరూ మూడు కిలోవాట్ల వైపు మొగ్గుతున్నారు. నా అభిప్రాయం వేరు. ఒకటి రెండేళ్లలో ఏసీ గానీ, ఇండక్షన్ పొయ్యి గానీ, విద్యుత్ స్కూటరు గానీ ఇంట్లోకి రాబోతున్నదని మీకు తెలిస్తే మూడు పెట్టుకోండి. లేదంటే ఈ ఇంటికి రెండే సరి.

ఇక అసలు పాఠం.

కొన్నేళ్ల క్రితం మా మేడ మీద ప్యానెళ్లు బిగించడానికి ఒక కంపెనీ నుంచి కుర్రవాడు మే నెల రెండో వారంలో, మిట్టమధ్యాహ్నం వేళ వచ్చాడు. నీళ్ల ట్యాంకును చూపించి, దీని నీడ సంగతేమిటని అడిగాను. ఆ కుర్రవాడు ట్యాంకు దిమ్మ పక్కన నిలబడి, తన కాళ్ల దగ్గర చూపించి, "నీడెక్కడుందండి మాస్టారూ?" అన్నాడు. నిజంగానే లేదు. అతని నీడ అతని చెప్పుల కింద దాక్కుంది. నేనూ నమ్మాను. నవంబరు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటితే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు తెర మీది అంకె సగానికి సగం పడిపోవడం మొదలుపెట్టింది. పైకెక్కి చూస్తే ట్యాంకు నీడ మూడో ప్యానెల్ మీద నల్లదుప్పటి పరచినట్టు పడి ఉంది.

ఆ కుర్రవాడు అబద్ధమాడలేదు, కాని అతను వచ్చిన రోజే అలాంటిది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి. ఏటా మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర ఇంకొకసారి మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదకు వస్తాడు. ఆ రోజుల్లో నిటారుగా ఉన్న దేనికీ పక్కకు నీడ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. మిగిలిన ఏడాదంతా సూర్యుడు దక్షిణంగానే ఉంటాడు, డిసెంబరు 21 ప్రాంతంలో బాగా దిగిపోతాడు. ఆ రోజు మధ్యాహ్నం కూడా అతని ఎత్తు క్షితిజం నుంచి సుమారు 48 డిగ్రీలే. కాబట్టి మేడను ఏ నెలలో చూసినా, చూడవలసింది డిసెంబరు నీడనే.

సూర్యుడు ఆకాశంలో ఒక దారిన దిగి, అదే దారిన తిరిగి ఎక్కుతాడు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ. అక్టోబరులో డిసెంబరు వైపు దిగుతూ ఆ స్థానానికి వచ్చిన సూర్యుడు, మార్చిలో పైకి ఎక్కుతూ మళ్లీ దాదాపు అదే స్థానానికి వస్తాడు. ఆ గుడి కట్టినవారికి తెలిసిన ఈ సంగతి మన లెక్కకూ పనికివస్తుంది. నవంబరు 21న మీ ప్యానెల్ మీద పడిన నీడ జనవరి 21న కూడా అక్కడే పడుతుంది. డిసెంబరులో పడే నీడ అంటే ఒక నెల నష్టం కాదు, సుమారు మూడు నెలల నష్టం. పైగా అవి వానలు వెళ్లిపోయి, ఆకాశం నిర్మలంగా ఉండి, ప్యానెల్ వేడెక్కకుండా బాగా పనిచేసే నెలలు.

ఇప్పుడు కొలతలు. ఒక మీటరు ఎత్తున్న కర్రను డిసెంబరు 21న మేడ మీద నిటారుగా నిలబెడితే, మధ్యాహ్నం దాని నీడ సుమారు 89 సెంటీమీటర్లు ఉంటుంది, సూటిగా ఉత్తరానికి పడుతుంది. ఉదయం తొమ్మిదికి అదే నీడ సుమారు 177 సెంటీమీటర్లు సాగి వాయవ్యానికి, సాయంత్రం మూడుకు అంతే పొడవున ఈశాన్యానికి పడుతుంది. గుర్తుంచుకోవలసినవి రెండే: మధ్యాహ్నం ఎత్తులో తొంభై శాతం, తొమ్మిదికీ మూడుకీ ఎత్తుకు ఒకటి ముప్పావు రెట్లు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం మూడు తరువాత పడే నీడను లెక్కలోకి తీసుకోనక్కరలేదు, ఆ వేళల్లో వచ్చే కరెంటు తక్కువే.

మన ఇళ్లకు సంబంధించిన చిక్కు ఒకటుంది. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలని చాలామంది నీళ్ల ట్యాంకును మేడ నైరుతి మూలన పెడతారు. నైరుతిలో ఉన్న వస్తువు నీడ చలికాలం మధ్యాహ్నం తరువాత ఈశాన్యానికి సాగుతుంది, అంటే మేడకు అడ్డంగా మూలనుంచి మూలకు. ట్యాంకు పైఅంచు ప్యానెల్ మట్టానికి ఆరడుగుల ఎత్తున ఉంటే, డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ ఉత్తరానికి ఐదడుగుల నాలుగంగుళాలు, మూడు గంటలకు ఈశాన్యానికి పదిన్నర అడుగులు పడుతుంది. ఈ రెండు కొసలను గీతతో కలిపి, ట్యాంకు వెడల్పును చేర్చి చూస్తే విసనకర్ర ఆకారంలో ఒక ప్రదేశం తేలుతుంది. అందులో ప్యానెల్ పెట్టకూడదు. మా ఇంట్లో పెట్టింది సరిగ్గా అక్కడే. వాస్తు మాన్పించాలన్నది నా ఉద్దేశం కాదు. ట్యాంకు నైరుతిలో ఉంటే ప్యానెళ్లు దానికి తూర్పున దక్షిణపు వరుసలోనో, తూర్పు పిట్టగోడ వెంబడి దూరంగానో జరగాలన్నంతే.

ఇంత చిన్న నీడ గురించి ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. ప్యానెల్‌లోని సెల్‌లన్నీ ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి, ప్యానెళ్లు కూడా అలాగే ఒకే వరుసలో కలిసి ఇన్వర్టరుకు చేరతాయి. వంశధార కాలువ కింద మళ్లకు నీరు పారించిన వారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఒక చోట కాలువలో మట్టిపెళ్ల పడితే దాని కింది మళ్లన్నింటికీ నీరు తగ్గుతుంది, పైన ఎంత నీరున్నా ప్రయోజనం ఉండదు. నీడపడిన సెల్ ఆ మట్టిపెళ్ల వంటిది. దీనికి విరుగుడుగా ప్రతి ప్యానెల్ వెనుక మూడు బైపాస్ డయోడ్‌లు అమరుస్తారు. అవి నీడపడిన భాగాన్ని పక్కకు తప్పించి కరెంటుకు వేరే దారి ఇస్తాయి. ప్యానెల్ పొడవు వెంబడి మూడు పట్టీలున్నాయనుకోండి, ఒక్కో పట్టీకి ఒక్కో డయోడ్. పొడవు అంచున సన్నని నీడ పడితే ఒక పట్టీయే పోతుంది. అదే నీడ పొట్టి అంచున పడితే మూడు పట్టీలనూ తాకుతుంది. పిట్టగోడ నీడ కింది అంచున పడేచోట ప్యానెల్‌ను నిలువుగా కాక అడ్డంగా పరచమని చెప్పేది ఇందుకే. ఈ ఒక్క మాట బిగించేవారితో ముందే అనండి, మీకు విషయం తెలుసునని వారికి అర్థమవుతుంది.

కాకి రెట్ట కూడా నీడే. రైసుమిల్లుల ఊకబూడిద పడే ఊళ్లలో, ఇటుక బట్టీల దగ్గర, రెండు వారాలకొకసారి తెల్లవారుజామున మెత్తని గుడ్డతో కడగాలి. ఎండలో కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. ఉప్పు తేలే బోరునీరు ఆరితే తెల్లని పొర మిగులుస్తుంది.

ఉద్దానం వైపు కొబ్బరితోటల మధ్య ఇళ్లున్నవారు చెట్టు ఎత్తునుంచి ప్యానెల్ ఎత్తును తీసివేసి లెక్క వేయాలి. యాభై అడుగుల చెట్టు, పద్నాలుగు అడుగుల మీద ప్యానెల్ అయితే తేడా ముప్ఫై ఆరు అడుగులు. ఆ చెట్టు ఆగ్నేయాన ఉంటే డిసెంబరు ఉదయం తొమ్మిదికి దాని నీడ అరవైనాలుగు అడుగుల దూరం వస్తుంది. మాను నీడ సన్నగా ఉండి త్వరగా జరిగిపోతుంది, బాధించేది మట్టలదే. లేత చెట్టయితే వచ్చే పదేళ్లలో పెరగబోయే ఎత్తును కూడా వేసుకోండి, ప్యానెల్ ఇరవై ఐదేళ్లు ఉండవలసినది కదా.

నీడ తప్పించలేని మేడలకు దారులున్నాయి. ప్యానెళ్లను తూర్పుకు కొన్ని, పడమరకు కొన్ని తక్కువ వాలుతో పెట్టి, రెండు వరుసలను విడివిడిగా స్వీకరించే ఇన్వర్టరు తీసుకోవచ్చు. మన అక్షాంశంలో దక్షిణ ముఖాన్ని వదులుకున్నందుకు కలిగే నష్టం తక్కువే. ప్యానెల్‌కొకటి చొప్పున మైక్రో ఇన్వర్టరు పెడితే ఒకదాని నీడ ఇంకొకదాన్ని తాకదు, కాని ఖర్చు పెరుగుతుంది. ఇనుప గొట్టాల మీద ఎనిమిది పదడుగుల ఎత్తుకు లేపి బిగించడం ఇప్పుడు వాడుకైంది. నీడ పోతుంది, కింద బట్టలు ఆరవేసుకోవచ్చు. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11న తిత్లీని చూసిన జిల్లాలు మనవి. అలా లేపిన చట్రం గాలికి తెరచాపే అవుతుంది. దానిని పిట్టగోడ ఇటుకలకు కాక, కింది స్తంభాల మీదుగా శ్లాబుకు బోల్టులతో బిగించాలి, ఇనుము వేడి జింకు పూత పట్టినదై ఉండాలి. తీరానికి దగ్గరగా ఉండి, నీడ సమస్య లేనివారు చట్రాన్ని ఎత్తకపోవడమే నయం.

రెండు వరుసలు పెట్టేవారికి ఒక కొలత. సుమారు ఏడున్నర అడుగుల పొడవున్న ప్యానెల్‌ను 15 డిగ్రీల వాలుతో దక్షిణానికి పెడితే దాని వెనుక అంచు రెండడుగులు లేస్తుంది. డిసెంబరు ఉదయం తొమ్మిదికి ఆ అంచు నీడ ఉత్తరానికి రెండడుగుల నాలుగంగుళాల దాకా వస్తుంది. కాబట్టి వరుసల మధ్య రెండున్నర అడుగులు వదలాలి. ఆ దారిలో మనిషి నడిచి కడగడానికీ వీలవుతుంది.

ఈ పాఠానికి అభ్యాసం ఇది. గళ్ల కాగితం మీద గడికొక అడుగు చొప్పున మీ మేడ పటం గీయండి. సెల్‌ఫోన్ దిక్సూచితో ఉత్తరం గుర్తించండి. ఇనుప ఊచలకు, ట్యాంకు చట్రానికి దూరంగా నిలబడి చూడండి, లేకపోతే ముల్లు తప్పు చూపుతుంది. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా ఈ పనికి లెక్కలోకి రానంత చిన్నది. ట్యాంకు, మెట్లగది, పిట్టగోడ, పక్కింటి గోడ, చెట్లు, కేబుల్ తీగలు ఎక్కడెక్కడున్నాయో గుర్తించి, ప్యానెల్ మట్టానికి ఎంత ఎత్తున్నాయో పక్కన రాయండి. ప్రతిదానికీ డిసెంబరులో ఉదయం తొమ్మిదికీ, మధ్యాహ్నానికీ, సాయంత్రం మూడుకీ పడే నీడలను పెన్సిలుతో గీయండి. మిగిలిన ఖాళీని చదరపు అడుగుల్లో లెక్కపెట్టండి. కిలోవాటుకు నూరు చదరపు అడుగుల చొప్పున ఎన్ని పడతాయో చూసి, బిల్లుల కాగితం చెప్పిన సంఖ్య పక్కన రాయండి.

కరెంటు పోయినప్పుడు, ఎండ మండుతున్నా బ్యాటరీ లేని సౌర వ్యవస్థ ఎందుకు ఆగిపోతుందన్నది, తుపాను రోజులకు ఎంత బ్యాటరీ చాలునన్నది మూడవ పాఠంలో చూద్దాం. అప్పటికి ఈ పటం సిద్ధంగా ఉంచుకోండి, బ్యాటరీ పెట్టే మూలను దాని మీదనే గుర్తించబోతున్నాం.