పసిపిల్లలకి ముక్కు పట్టేస్తే: ముందు చుక్కలు, తర్వాత పంపు, ఆ తర్వాతే పాలు

రాత్రి రెండింటికి మావాడు పాలకి లేచాడు. రెండు గుక్కలు లాగి వదిలేస్తాడు, మొహమంతా కందిపోయేలా ఏడుస్తాడు, మళ్ళీ పట్టుకుంటాడు, మళ్ళీ వదిలేస్తాడు. అప్పటికి వాడికి మూడో నెల, నాకేమో పాలు చాలట్లేదేమోనని ఒకటే టెన్షన్. మా అమ్మ లైటేసి చూసి "పాలు కాదే పిచ్చిదానా, వాడికి ముక్కు పట్టేసింది" అంది. చూస్తే లోపలంతా చీమిడి, అంచుల్లో ఎండిపోయి పొక్కు కట్టి ఉంది.

మొదటి కొన్ని నెలలు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, నోటితో పీల్చుకోవడం వాళ్ళకి ఇంకా సరిగ్గా చేతకాదు. పైగా పాలు తాగేటప్పుడు నోరు ఖాళీగా ఉండదు కదా. అందుకే మనకి చిరాకు పుట్టించే జలుబు వాళ్ళకి ఏకంగా కడుపు మాడుస్తుంది. అలాగని ముక్కులో గురగురమన్న ప్రతిసారీ చీమిడి పీల్చే రబ్బరు పంపు పట్టుకుని కూర్చోకండి. పుట్టిన కొత్తలో జలుబు లేకపోయినా ముక్కు అలా మోగుతుంది, తుమ్ములూ వస్తాయి. హాయిగా పాలు తాగి నిద్రపోతుంటే దాని జోలికి పోవద్దు.

కొనాల్సినవి రెండే: సెలైన్ చుక్కలు, ముక్కు పంపు. చుక్కల డబ్బా మీద సోడియం క్లోరైడ్ 0.65 శాతం అని ఉంటుంది, అంటే ఉప్పు నీళ్ళన్నమాట. ఇక్కడే కాస్త జాగ్రత్త. నేను మెడికల్ షాపులో "పిల్లాడికి ముక్కులో చుక్కలు" అని అడిగితే వేరే డబ్బా చేతిలో పెట్టారు, ఇంటికొచ్చి చదివితే జైలోమెటాజోలిన్ అని ఉంది. అది ముక్కు లోపలి వాపు తగ్గించే మందు. అదీ, అదే రకం మందైన ఆక్సీమెటాజోలినూ డాక్టర్ చెప్పకుండా పసివాళ్ళకి వెయ్యకూడదు. పెద్దవాళ్ళకే వరసగా వాడితే ముక్కు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది. కాబట్టి పైన పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. ఉప్పు నీళ్ళే కదా ఇంట్లో కలుపుకుందాం అనుకోవద్దు, పాళ్ళు తేడా వస్తే మండుతుంది, శుభ్రం సంగతి సరేసరి.

ఇక చేసే పద్ధతి. పాలు పట్టడానికి ఓ పావుగంట ముందు మొదలుపెట్టండి. తాగాక చేస్తే తాగినదంతా కక్కేస్తారు, నేను మొదటిరోజు చేసిన ఘనకార్యం అదే. చేతులు రెండూ లోపలికి పెట్టి మెత్తటి పాత చీర ముక్కలో చుట్టండి, లేకపోతే సరిగ్గా సమయానికి చెయ్యి విసురుతారు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వాలేలా చూసుకుని, ఒక్కో ముక్కులో రెండేసి చుక్కలు వెయ్యండి. సీసా మూతి ముక్కుకి తగలనివ్వకండి. వేశాక ఒక నిమిషం ఆగాలి. అందరూ తొందరపడేది ఇక్కడే, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ నిమిషం చాలా పెద్దదిగా ఉంటుంది. కానీ ఎండిన చీమిడి నానితేనే కదులుతుంది. చాలాసార్లు ఈలోపే ఒక పెద్ద తుమ్ము తుమ్మేస్తారు, సగం పని అయిపోతుంది, గుడ్డతో తుడిస్తే చాలు, పంపు అక్కర్లేదు.

అప్పటికీ రాకపోతే పంపు. రబ్బరు బల్బుని బయటే పూర్తిగా నొక్కేసి, నొక్కిన వేలు తియ్యకుండా దాని కొసని ముక్కు అంచు దగ్గర ఆనించి, మెల్లగా వేలు వదలాలి. లోపల పెట్టాక నొక్కారో, గాలి కొట్టి చీమిడిని ఇంకా పైకి తోసేస్తారు. కొసని లోతుగా దూర్చొద్దు, నిటారుగా పైకీ గుచ్చొద్దు. బయటికి తీసి గుడ్డ మీద పిచికారీ చేసి, రెండో వైపు. రోజుకి మూడు నాలుగుసార్లు మించితే లోపలి పొర రేగి వాచిపోతుంది, అప్పుడు చీమిడి లేకపోయినా దిబ్బడగానే ఉంటుంది. రక్తం చార కనిపిస్తే పంపు ఆ రోజుకి పక్కన పెట్టేసి, చుక్కలతో సరిపెట్టండి. పొక్కుల్ని గోరుతోనో, ఇయర్ బడ్‌తోనో గోకొద్దు.

పంపు కడగడం చిన్న విషయం కాదు. సబ్బు కలిపిన వేడినీళ్ళు లోపలికి పీల్చి ఊపి వదలండి, తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు, ఆపైన మూతి కిందికి ఉండేలా ఆరబెట్టండి. నెల వాడాక అనుమానమొచ్చి నాది కత్తెరతో కోసి చూస్తే లోపల నల్లగా బూజు! అప్పటినుంచి విప్పి కడుక్కునే రకమే కొంటున్నాను.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి. మా అమ్మ కొబ్బరినూనె చుక్క వేద్దామంది, అత్తయ్యగారు కర్పూరం మూటకట్టి దిండు దగ్గర పెట్టమన్నారు, ఇద్దరిదీ ప్రేమే. కానీ ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది. కర్పూరం పసివాళ్ళ ఒంట్లోకి చేరితే ఫిట్స్ తెప్పించగలదు, అందుకే కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్ళలోపు పిల్లలకి రాయకూడదు. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టడం ఉంది చూశారా, జలుబున్న పిల్లకి అది పుండు మీద కారం. దోమల కాయిల్ కూడా అంతే. ఆవిరి పడదామని గిన్నె దగ్గరికి పిల్లాడిని తీసుకెళ్ళొద్దు, కాలిన కేసులు ఎన్నో. కావాలంటే బాత్‌రూమ్‌లో వేడినీళ్ళు వదిలి, తలుపు మూసి, ఆ నీళ్ళకి దూరంగా పది నిమిషాలు ఎత్తుకుని కూర్చోండి.

జలుబు సిరప్ అస్సలు వద్దు. పాతది ఫ్రిజ్‌లో ఉంది కదా అని ఓ అర చెంచా పొయ్యడం మన ఇళ్ళలో మామూలే. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద వెయ్యాలని డ్రగ్ కంట్రోలర్ 2023లోనే చెప్పారు. 2025 అక్టోబర్‌లో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ వల్ల పిల్లలు చనిపోయిన సమయంలో, రెండేళ్ళలోపు వాళ్ళకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి సలహా పంపింది. చీమిడి పచ్చగా మారిందని యాంటీబయాటిక్ కూడా అడగొద్దు, మామూలు జలుబులోనూ అలా మారుతుంది. మామూలుగా పది రోజుల్లో తగ్గుతుంది.

పడుకోబెట్టేటప్పుడు తల కింద దిండు పెట్టాలనిపిస్తుంది. వద్దు, మెడ ముందుకి వంగి ఊపిరి ఇంకా ఇబ్బందవుతుంది. చదునైన పక్క మీద వెల్లకిలా, అంతే. పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి.

మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ ఉన్నా, దాటినా తెల్లారేదాకా ఆగొద్దు. పాలు బొత్తిగా తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా, డొక్కలు ఎగరేస్తున్నా అంతే. నిద్రపోతున్నప్పుడు బట్ట తీసి, పొట్ట లేచిపడటం నిండు నిమిషం లెక్కపెట్టండి: రెండు నెలల లోపైతే 60, రెండు నుంచి పన్నెండు నెలలకి 50, ఆ లెక్కకి చేరినా, దాటినా ఆస్పత్రికే. పెదాలు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. డొక్కలు ఎగరేస్తున్నప్పుడు ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి పెట్టుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి వీళ్ళు ఏమీ ఎరగనట్టు నవ్వుతూ ఉంటారు.